పళ్లెంలో చిట్టడవికి మెట్ట రైతు లెక్క

హస్త, చిత్త కార్తెల సలహాలు: అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల నర్సరీ రైతులకూ ఇంటి సాగుదారులకూ

ఉత్తర కార్తె దాటి హస్తలోకి వచ్చే ఈ రోజుల్లో అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల చేలల్లో పత్తి కాయ పగలడం మొదలవుతుంది, కంది పూతకు సిద్ధమవుతుంది. ముసుర్లు తగ్గుతాయి, ఎండ మెత్తగా ఉంటుంది, గాలిలో తేమ ఇంకా మిగిలే ఉంటుంది. కొమ్మముక్క వేరు తొడగడానికి ఇది మంచి అదను. ఇది తప్పితే మళ్లీ శివరాత్రి వెళ్లి చలి విరిగేదాకా ఆగాలి. అందుకే ఈసారి సలహా సక్యులెంట్ బోన్సాయ్‌ల చిట్టడవి గురించి. ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కలను మరుగుజ్జు చెట్లుగా మలిచి, ఒకే పళ్లెంలో గుంపుగా నాటి ఇంట్లో పెంచే పద్ధతి ఇది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అపార్టుమెంట్లలో దీన్ని ముచ్చటపడి కొనేవారున్నారు. కొన్ని నెలలకే ఆకు రాలి, మొదలు మెత్తబడి పోతే తమ చేయి మంచిది కాదని బాధపడేవారూ ఉన్నారు. తప్పు చేతిలో లేదు, లెక్కలో ఉంది. చిట్టడవి అంటే రెండంగుళాల లోతున్న మెట్ట చేను. వానను నమ్ముకున్న రైతు తన చేనును ఎలా చూస్తాడో దీన్నీ అలాగే చూడాలి: ముందు వెలుతురు, తర్వాత మట్టి, ఆ రెండూ కుదిరాక నీరు. చాలా ఇళ్లలో ఈ వరుస తిరగబడుతోంది. మొక్కను చీకటి మూలన పెట్టి, దొరికిన మట్టిలో నాటి, ప్రేమనంతా నీళ్ల చెంబుతో చూపిస్తున్నారు.

మొదట రకం ఎంపిక. నర్సరీల్లో 'జేడ్' అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఒకటి క్రాసులా ఒవాటా. దాని ఆకు పెద్దది, దళసరిది, కొమ్మలు లావుగా ఉంటాయి. రెండోది పోర్చులకేరియా ఆఫ్రా. దాని ఆకు చిటికెనవేలి గోరంత, లేత కొమ్మ ఎర్రగా ఉంటుంది. అడవి గుంపుకు రెండోదే తగినది. ఆకు చిన్నదైతేనే జానెడు మొక్క మహావృక్షంలా కంటికి ఆనుతుంది. పైగా కొమ్మ కోసిన చోట కణుపు నుంచి జంటగా చిగుళ్లు వస్తాయి కాబట్టి గుబురు త్వరగా కడుతుంది. దీని సొంత ఊరు దక్షిణాఫ్రికా తూర్పు కేప్ ప్రాంతపు పొద అడవులు. అక్కడ ఏనుగులు దీన్ని పైనుంచి మేస్తాయి; నేలరాలిన ముక్కలు మళ్లీ వేరు తొడుగుతాయి. పిల్లలున్న ఇంటికి ఇంకో మేలు: దీని ఆకు విషం కాదు. క్రాసులా పిల్లులకూ కుక్కలకూ పడదు. ఎడారి గులాబీగా పిలిచే అడీనియం రసం విషపూరితం. జెముడు జాతుల పాలు కంట్లో పడితే ప్రమాదం. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ తేడాలు చూసుకునే మొక్క కొనాలి.

ఈ మొక్కను మెట్ట పంట అనడానికి శాస్త్రాధారం ఉంది. సాధారణంగా మొక్కలు పగటిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఆ రంధ్రాల గుండానే నీరూ ఆవిరైపోతుంది. చాలా ఎడారి మొక్కలు పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడిన రాత్రివేళ తెరుస్తాయి. పోర్చులకేరియా రెండు విధాలా బతకగలదు. పదునున్నప్పుడు పగటి పద్ధతిలో చురుగ్గా పెరుగుతుంది. బెట్ట తగిలితే రాత్రి పద్ధతికి మారి, ఉన్న నీటిని పొదుపుగా వాడుకుంటుంది. అంటే నీటి ఎద్దడిని తట్టుకునే ఏర్పాటు దానిలోనే ఉంది. నిలిచిన తడిని తట్టుకునే ఏర్పాటు మాత్రం లేదు. వేరు చుట్టూ గాలి ఆడకపోతే వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరును శిలీంధ్రం పట్టుకుంటుంది, కుళ్లు మొదలుకు ఎక్కుతుంది. వేరు చచ్చినప్పుడు ఆకు వాడినట్టే కనబడుతుంది. దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోస్తారు. చిట్టడవులు పోయేది ఎక్కువగా ఆ రెండో చెంబుతోనే.

ఇక వెలుతురు. 'ఇండోర్ మొక్క' అన్న మాట ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. మధ్యాహ్నపు నేరుటెండ సుమారు 1,00,000 లక్స్ (వెలుతురు కొలమానం) ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన అది వెయ్యి, రెండు వేలకు పడిపోతుంది. గది మధ్యలో సోఫా పక్కన 100 నుంచి 300 ఉంటే గొప్ప. మన కన్ను చీకటికి తొందరగా అలవాటు పడుతుంది కాబట్టి గది మనకు వెలుగ్గానే కనిపిస్తుంది; మొక్కకు మాత్రం అది పస్తు. వెలుతురు చాలకపోతే కణుపుల మధ్య దూరం పెరిగి, కొమ్మ బక్కపడి సాగుతుంది, అడవి రూపం చెదురుతుంది. వెలుతురు తక్కువైతే మొక్క తాగే నీరూ తగ్గుతుంది. అందుకే బాల్కనీలో సరిపోయిన నీటి మోతాదే హాల్లో కుళ్లు తెస్తుంది. రోజుకు కనీసం నాలుగు గంటల నేరుటెండ పడే చోటే చిట్టడవికి చోటు.

కిటికీ దిక్కు విషయంలో మన ఊరి లెక్క వేరు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. అంటే నిండు వేసవిలో దక్షిణపు కిటికీలోకి నేరుటెండ రాదు. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి అదే కిటికీలోంచి ఎండ గదిలోకి చొచ్చుకొస్తుంది. తూర్పు కిటికీకి ఏడాది పొడవునా ఉదయపు ఎండ దక్కుతుంది, అందుకే అది మేలైనది. పడమటి బాల్కనీ పనికొస్తుంది కానీ, రోహిణి కార్తెలో సిమెంటు గోడ సెగకు లోతులేని పళ్లెంలో మట్టి కాగిపోతుంది. ఆ కార్తె రోజులన్నీ సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాలి. ఉత్తరపు కిటికీ తప్ప వేరే దారి లేనివారికి ఎల్ఈడీ దీపం ఉంది. 20 వాట్ల దీపాన్ని మొక్కకు అడుగు లోపు ఎత్తులో రోజుకు 12 గంటలు వెలిగిస్తే నెలకు ఏడు యూనిట్ల కరెంటు అవుతుంది. ఆ ఖర్చుకు వెనకాడేవారు చీకటి గదిలో చిట్టడవి పెట్టకపోవడమే మంచిది.

మట్టి దగ్గర రైతులు ఒక అభ్యంతరం చెబుతారు: మన ఎర్ర చెలకలో నీరు నిలవదు, అది చాలదా అని. చేలో ఆ మాట నిజమే, ఎందుకంటే అక్కడ నీరు దిగడానికి కింద లోతు ఉంది. పళ్లెంలో ఆ లోతు లేదు. పైగా చెలక మట్టి వాన పడి ఆరగానే పైపొర బిగుసుకుని మొలకను ఆపేస్తుందని ఈ ప్రాంతపు రైతులకు చెప్పనక్కరలేదు. పళ్లెంలో ఆ బిగువు వేరుకు గాలి ఆడనివ్వదు. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు దిగిపోతుందనేది ఇంకో నమ్మకం. వంటింటి స్పాంజితో దీన్ని పరీక్షించుకోవచ్చు. తడిపిన స్పాంజిని అడ్డంగా పట్టుకోండి. కాసేపటికి కారడం ఆగిపోతుంది. అదే స్పాంజిని నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. మట్టి కూడా అడుగున కొంత ఎత్తు దాకా నీటిని పట్టుకునే ఉంటుంది. ఆ ఎత్తును నిర్ణయించేది మట్టి రేణువు పరిమాణమే. కింద రాళ్లు పరిస్తే ఆ తడి పొర వేరుకు ఇంకా దగ్గరగా పైకి జరుగుతుంది, అంతే. కాబట్టి మిశ్రమం మొత్తం గరుకుగా ఉండాలి: రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు రెండు పాళ్లు, దుమ్ము లేకుండా జల్లించిన ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు. నీరు పోశాక పళ్లెం ఒక కొస కింద చెక్కముక్క పెట్టి ఏటవాలుగా ఉంచితే మిగులు నీరు కూడా జారిపోతుంది. స్పాంజి చెప్పిన పాఠమే ఇది.

ఇప్పుడు నీరు. ఎన్ని రోజులకోసారి పోయాలన్న ప్రశ్నకు తేదీతో జవాబు చెప్పడం తప్పు. మెట్ట రైతు క్యాలెండరు చూసి విత్తడు, పదును చూసి విత్తుతాడు. సన్నని వెదురు పుల్లను మట్టిలో అడుగుదాకా గుచ్చి పది నిమిషాలకు తీయండి. తడి అంటితే ఆగాలి. పొడిగా వచ్చి, ఆకు కాస్త మెత్తబడితే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నిండుగా పోయాలి. ఇలా చూసుకుంటే ముసురు రోజుల్లో పది, పదిహేను రోజులు పట్టవచ్చు. నిండు వేసవిలో మూడు, నాలుగు రోజులకే అవసరం రావచ్చు. రోజూ నాలుగు చుక్కలు చిలకరించడం మాత్రం వద్దు. పైపొర తడిసి లోపలి వేరు ఎండుతుంది, ఉప్పు పేరుకుంటుంది. ఈ తూర్పు శివార్లలో చాలా బోర్ల నీరు కఠినమైనది. పళ్లెం అంచున తెల్లటి పూత కడితే అది చిన్నపాటి చౌడే. వాన నీరు పట్టి వాడడం ఉత్తమం, నల్లాలో వచ్చే కృష్ణా నీరు తర్వాతిది. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి, దాన్ని అసలు వాడొద్దు. బోరు నీరే గతి అయితే ఒక వాన రోజున పళ్లేన్ని ఆరుబయట పెట్టి కడగనివ్వండి. పళ్లెం కింద సాసరులో నీరు నిలవనివ్వొద్దు. డెంగీ దోమకు ఆ కాసిన్ని నీళ్లు చాలు.

నాటే పని ఇలా చేయాలి. బెత్తెడు నుంచి జానెడున్నర దాకా రకరకాల పొడవుల్లో కొమ్మముక్కలు కోసి, కింది ఆకులు తీసి, నీడలో వారం రోజులు గాయం ఆరనివ్వాలి. అడుగున్నర పొడవు, రెండంగుళాల లోతు, నాలుగైదు రంధ్రాలున్న పళ్లెం సరిపోతుంది. జపాన్‌లో ఈ గుంపు నాటును యోసె-ఉయె అంటారు. అక్కడ బేసి సంఖ్యలో నాటడం ఆనవాయితీ. ఐదో, ఏడో, తొమ్మిదో తీసుకోండి. లావైన, ఎత్తైన మొక్క నడుమ కాకుండా మూడో వంతు దూరంలో ఉండాలి. చిన్నవి అంచులకు పోవాలి. ఏ మూడూ ఒకే సాలులో పడకూడదు. రంధ్రాల్లోంచి తీగ తెచ్చి మొదళ్లు కదలకుండా కట్టండి. నాటాక వారం దాకా నీరు వద్దు. ఈ కొమ్మ మెత్తనిది, తీగ చుడితే బెరడు కోసుకుపోతుంది. కాబట్టి రూపం కత్తెరతోనే తేవాలి. కొత్త రెమ్మ నాలుగైదు జంటల ఆకులు వేశాక రెండు జంటలు ఉంచి పైది కత్తిరిస్తే చాలు. ఆకు మొదట్లో దూదిలా పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఎక్కువైతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. పత్తి చేలో మిగిలిన పురుగుమందు ఇంట్లోకి తేవద్దు.

అడవి అన్నాక నాలుగు రకాలుండాలి కదా అనేవారికి జవాబు మన అంతర పంటల్లోనే ఉంది. కందిలో జొన్న కలిసి పండుతుందంటే కంది వేరు లోతుకు పోతుంది, జొన్న ముందే కోతకొస్తుంది. రెండింటి అవసరాలూ ఒకే వేళ ఒకే చోట ఢీకొనవు. రెండంగుళాల పళ్లెంలో అలా విడిపోవడానికి లోతు లేదు. చలికి అడీనియం ఆకు రాల్చి నిద్రపోతుంది, దానికి నీరు ఆపాలి. పక్కనున్న పోర్చులకేరియాకు అప్పుడూ కొంత కావాలి. ఒకదానికి పోస్తే రెండోది కుళ్లుతుంది. ఒక పళ్లేనికి ఒకే రకం అన్నది అందుకే. మన జెముళ్లను పెంచాలన్న కోరిక మంచిదే. తూర్పు కనుమల కత్తిమండు ఉంది. దాని పాలు జిగురుగా వాడి కత్తిని పిడిలో బిగించేవారు. 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రచురించిన వాల్టర్ ఇలియట్ ఆ తెలుగు పేరునే శాస్త్రనామంలో నిలిపాడు. అలాంటి మొక్కను విడి కుండీలో, పిల్లలకు అందని చోట, పెంచేవారి దగ్గర కొన్న కొమ్మతోనే మొదలుపెట్టాలి. వనస్థలిపురం జింకల పార్కు లాంటి రక్షిత అడవుల్లోంచి మొక్క పెకలించడం చట్టరీత్యా నేరం. అడవిని కొల్లగొట్టి ఇంట్లో అడవి పెంచడంలో అర్థం లేదు.

చెట్టును గిడసబార్చడం హింస కాదా అన్న ప్రశ్నను కొట్టిపారేయకూడదు. వేరుకు ఊపిరాడని మట్టిలో, వెలుతురు అందని మూలన దాన్ని బతకమనడం హింసే. కత్తిరింపు సంగతి వేరు. మేకలు మేసిన పరికి పొద గిడసబారి ఏళ్ల తరబడి చిగురిస్తూనే ఉండడం మన బంజర్లలో చూస్తాం; పోర్చులకేరియాకు సొంత గడ్డ మీద ఆ పని ఏనుగు చేస్తుంది. ఏటా చిగురిస్తూ, కణుపులు దగ్గరగా ఉండి, ఆకు నిండుగా ఉన్న మొక్క ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇది రైతు పనేనా అన్నది చివరి అభ్యంతరం. విజయవాడ రహదారి వెంట భూములు ప్లాట్లవుతున్న చోట, గుంటెడు షేడ్‌నెట్ కింద చేయగల సాగు ఇది. కత్తిరించిన ప్రతి రెమ్మా మరుసటి విత్తనమే, నీటి అవసరం స్వల్పం. కానీ ఇందులో అమ్ముడుపోయే సరుకు కాలం. నిన్న నాటిన ముక్కలను నేడు అడవిగా అమ్మితే కొన్నవారి ఇంట్లో అవి చస్తాయి, మళ్లీ ఆ కొనుగోలుదారు రాడు. కనీసం ఒక ఏడాది పళ్లెంలో వేరు పట్టనిచ్చి, కొనేవారి ఇంటి వెలుతురుకు దగ్గరగా రెండు మూడు వారాలు నీడకు అలవాటు చేసి, దిక్కు, పదును చూసే పద్ధతి చెప్పి అమ్మాలి. కడియం లాంటి గోదావరి తీరపు తేమ నుంచి కోకోపిట్‌లో వచ్చిన మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. ఆ పీచును వేళ్లనుంచి విదిలించి గరుకు మిశ్రమంలోకి మార్చాకే పళ్లెంలో పెట్టాలి.

కాబట్టి ఈ హస్తలో ఇటుక ముక్కలు జల్లించి పెట్టుకోండి, కొమ్మలు కోసి ఆరబెట్టండి, ఇంట్లో ఏ కిటికీకి ఎన్ని గంటల ఎండ పడుతుందో రాసుకోండి. చిత్త వచ్చేలోపు నాటేయండి. చలి ముదిరేలోగా వేరు నిలబడుతుంది. తేమ ఉందో లేదో తేల్చుకోలేని రోజున చెంబు పక్కనపెట్టి ఇంకో రోజు ఆగండి. ఆ ఒక్క రోజు బెట్టను ఈ మొక్క ఓర్చుకుంటుంది. నిలిచిన తడిని మాత్రం ఓర్చుకోలేదు.