విశాఖతీరపు రాతిచేప

మన ప్రత్తిచేలలో తిరుగు రక్తపింజరిని ఆంగ్లేయులు “రస్సెల్సు వైపరు” అందురు. ఆ పేరు పాట్రిక్ రస్సెలను స్కాట్లండు వైద్యునిది. ఆయన 1785 మొదలు 1789 వఱకు ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండి, పాములనే గాక విశాఖపట్టణపు చేపలను గూడ పరిశీలించెను. వానిలో 200 రకములను బొమ్మలతో వర్ణించి 1803లో లండనునందు రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ గ్రంథమునందలి విశేషమేమనగా, పెక్కు చేపలకు జాలరుల నోట వినిన పేళ్లనే యాయన యుంచెను. ఆంగ్లలిపిలో నవి కొంత వంకరపోయినను తెలుగువారు గుర్తింపవచ్చును.

అందొక చేప పేరు “రాహ్తి పోతా”. ఇందలి మొదటి మాట మన “రాతి” యేయని నా తలంపు; ఏలయన నీ చేప నివాసమును రాళ్లే. జానెడు మించని యీ చిన్న చేప మేను వెండివలె తెల్లన, వీపున పసుపురంగు, పైనుండి క్రిందికి అయిదు నల్లని పట్టెలు. సైనికుని చేతిమీది పట్టెలను బోలియుండుటచే నాంగ్లేయులు దీనిని సార్జెంటు మేజరని పిలుతురు.

ఉష్ణసముద్రములలో నీ జాతి పగడపు దిబ్బలయందు గుంపులుగా మసలుచుండును. పగడపు పురుగులకు తేటయైన ఉప్పునీరు కావలయును. కృష్ణా గోదావరులు మంచినీటిని, ఒండ్రును తెచ్చి కలుపుచుండుటచే మన తీరమున పగడపు దిబ్బలు పెరుగలేదు. మన జిల్లా విద్యార్థులు సూర్యలంకలో చూచునది ఇసుకయే, నిజాంపట్టణమువైపు బురద. విశాఖయందన్ననో డాల్ఫిను ముక్కను కొండవంటివి సముద్రములోనికి చొచ్చుకొనిపోయినవి. వాని క్రింది రాళ్లే యీ చేపకు పగడముల లోటు తీర్చుచున్నవి.

రాయి లేనిదే దీని సంతతి నిలువదు. ఆడుచేప శుభ్రమైన రాతిమీద గ్రుడ్లను అంటునట్లు పెట్టి తన దారిని పోవును. కాపలా మగదానిది. అప్పుడు దాని మేను నీలివన్నెకు తిరుగును. అది రెక్కలతో నీటిని కదల్చుచు గ్రుడ్లకు గాలి యందజేయును. దగ్గఱకు వచ్చిన చేప తనకంటె పెద్దదైనను మీదికి దూకి తఱుమును. గ్రుడ్ల నుండి వెడలిన పిల్లలు కొంతకాలము నీటివాలున కొట్టుకొనిపోయి, తేలియాడు నాచుక్రిందను త్రాళ్లక్రిందను దాగి పెరిగి, పిదప మఱియొక రాతిని చేరును. అందుచే రాళ్లపై బురదయు చెత్తయు పేరుకొన్నచో చెడునది చేపల మేతచోటు మాత్రమే కాదు, వాని పురిటిచోటు గూడ.

ఇక పేరు సంగతి. ఫ్రాన్సు దేశపు క్యూవియే పండితుడు 1830లో ఈ చేపకు శాస్త్రనామము పెట్టుచు రస్సెలు వ్రాసిన “రాహ్తి”నే గ్రహించెను. విశాఖ జాలరి మాట లాటిను నామములో చేరెను! కాని 1825లోనే న్యూగినీ చెంతనున్న వైగియో ద్వీపపు చేపకు మఱియిద్దఱు ఫ్రెంచివారు “వైగియెన్సిస్” అని పేరిడియుండిరి. రెండును ఒకే జాతియని పిమ్మట తేలెను. ముందు ప్రకటింపబడిన పేరే చెల్లునని శాస్త్రజ్ఞుల నియమము గనుక మన రాతి తొలగిపోయినది. ఎన్నడును చూడని ద్వీపము పేరున మన తీరపు చేపను పిలువవలసివచ్చుట నాకు కొంత కష్టముగనే యున్నది. అయినను రస్సెలు వ్రాసికొనిన వేఱొక మాట నిలిచినది. మన యంగళ్లలో నమ్ము కానగంతను నేటికిని లోకమందలి శాస్త్రజ్ఞులందఱు “రాస్ట్రెల్లిగర్ కనగుర్త” అనియే వ్రాయుచున్నారు.