పత్తి ఆకు ఈనెలపై 2,4-డి ప్రభావం: ఆక్సిన్ చర్య ఆధారంగా క్షేత్ర నిర్ధారణ

హైదరాబాద్ ఆగ్నేయ అంచున ఉన్న మీర్‌పేట్‌లో ఒకప్పటి సాగు భూములు కాలనీలుగా మారాయి. అయితే అదే రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నం, యాచారం, కందుకూరు వైపు వెళితే పత్తి, వరి, మొక్కజొన్న చేలు ఇప్పటికీ గట్టు పక్క గట్టుగా కనిపిస్తాయి. ఈ ఇరుగుపొరుగు వల్ల పత్తికి ఒక ప్రత్యేక సమస్య ఎదురవుతుంది. ఏపుగా పెరుగుతున్న చేనులో కొత్తగా విచ్చుకున్న ఆకులు వేళ్లలా చీలి, ఈనెలు దగ్గరకు చేరి దాదాపు సమాంతరంగా సాగుతాయి. రైతు దీనిని వైరస్ తెగులుగా భావించి తెల్లదోమకు మందు పిచికారీ చేస్తాడు. ఈ లక్షణాలకు కారణం దోమ కాదు; పక్క చేనులో కలుపు నివారణకు వాడిన 2,4-డి. ఆకు పుట్టుకలో హార్మోన్ల పాత్ర తెలిస్తే ఈ పొరపాటు జరగదు.

కొన మొగ్గలోని విభాజ్య కణజాలంలో ఇండోల్ ఎసిటిక్ ఆమ్లమనే సహజ ఆక్సిన్ ఎక్కడ పోగవుతుందో అక్కడ పత్రాద్యం మొలుస్తుంది. ఆక్సిన్ రవాణాను నిరోధించడం వల్ల ఆకులు పుట్టడం ఆగిపోయిన టమాట కొనపై ఒక పక్కన సూక్ష్మ పరిమాణంలో ఆక్సిన్ ఉంచగా, ఆ పక్కనే ఆకు మొలిచిందని రైన్‌హార్ట్ బృందం 2000లో చూపింది. కణానికి ఒక పక్కన మాత్రమే అమరి ఆక్సిన్‌ను బయటకు పంపే పిన్1 ప్రొటీన్ ఈ పోగుకు మూలం. ఈనెల విషయంలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త త్స్వి సాక్స్ ప్రతిపాదించిన కాలువ సిద్ధాంతం నేటికీ ఆధారంగా నిలిచింది. ఆక్సిన్ ఎక్కువగా పారిన కణాల వరుస దానిని మరింత సమర్థంగా పారిస్తూ, ఇరుగుపొరుగు కణాల నుంచి కూడా లాగుకుంటుంది. వాననీరు తన దారిని తానే లోతు చేసుకున్నట్టు. ఆ వరుసే ప్రొకేంబియంగా, ఆపై దారువు, పోషక కణజాలంగా రూపొందుతుంది. సైటోకైనిన్ కణ విభజనకు, జిబ్బరెల్లిన్ కణ విస్తరణకు తోడ్పడినా, ఈనెల నమూనాను ప్రధానంగా గీసేది ఆక్సిన్ ప్రవాహమే.

2,4-డి కృత్రిమ ఆక్సిన్. అది కణంలోకి తేలికగా ప్రవేశిస్తుంది గాని, బయటకు పంపే వాహకాలు దానిని అంతగా మోయవు. సహజ ఆక్సిన్ వలె త్వరగా విచ్ఛిన్నం కూడా కాదు. ఫలితంగా పత్రాద్యంలో ఎక్కువ తక్కువల తేడా చెరిగిపోతుంది. ఈనెల మధ్య పత్రదళం విస్తరించదు. వరి వంటి గడ్డిజాతి పైర్లు తట్టుకునే ఈ మందు అతి స్వల్ప మోతాదులోనే పత్తిని వికృతం చేస్తుంది.

నిర్ధారణకు కీలకం కాలక్రమం. మందు సోకే నాటికి పూర్తిగా విచ్చుకున్న ఆకులలో ఈనెల నమూనా అప్పటికే స్థిరపడి ఉంటుంది కనుక వాటి ఆకారం మారదు. అప్పటికి మొగ్గలో ఉన్న పత్రాద్యాలే తరువాత వికృతంగా విచ్చుకుంటాయి. సోకినది స్వల్పమైతే ఆపై వచ్చే ఆకులు క్రమంగా మామూలు రూపానికి వస్తాయి. కింద మామూలు, నడుమ వికృతం, పైన మళ్లీ మామూలు: ఈ వరుస వైరస్ సోకిన మొక్కలో సాధారణంగా కనిపించదు. ఆకుముడత వైరస్‌లో ఈనెలు మందమై, ఆకు అడుగున చిన్న ఆకుల వంటి పెరుగుదలలు వస్తాయి. పచ్చదోమ ఆశిస్తే అంచులు కిందికి ముడుచుకొని పసుపు, ఎరుపు రంగుకు తిరుగుతాయి. ఈనెల అమరిక మాత్రం చెదరదు. బెండ ఆకు పత్తి రకాలలో లోతైన చీలిక జన్యు లక్షణం, ఒక్క నడిమి ఆకులకే పరిమితం కాదు.

లక్షణాలు గట్టు వైపు తీవ్రంగా ఉండి లోపలికి తగ్గుతుంటే గాలికి కొట్టుకొచ్చిన మందుగా గుర్తించాలి. చేనంతా సమానంగా ఉంటే పిచికారీ యంత్రాన్ని అనుమానించాలి. కలుపు మందు కొట్టిన ట్యాంకుతోనే పత్తికి పురుగు మందు కొట్టారా అన్న ప్రశ్న క్షేత్ర సందర్శనలలో తరచు అడగకుండానే మిగిలిపోతుంది. కలుపు మందుకు విడి యంత్రం ఉండడమే సురక్షితం. 2,4-డి ఎస్టర్ రూపం ఆవిరై కూడా వ్యాపిస్తుంది. సోడియం, అమైన్ లవణాలు అంతగా ఆవిరి కావు గాని, గాలి ఉన్నప్పుడు వాటి తుంపరలు పక్క చేనుకు చేరతాయి.

స్వల్పంగా దెబ్బతిన్న పైరు కొత్త చిగుళ్లతో కోలుకుంటుంది. తీవ్రత ఎక్కువైతే గూడ రాలి దిగుబడి తగ్గుతుంది. వంకర తిరిగిన ఆకును సరిచేసే మందు లేదు. దాని ఈనెల నమూనా మొగ్గలోనే ముగిసిపోయింది. ఆ స్థితిలో దోమ మందు కొట్టడం వల్ల మిగిలేది పిచికారీ ఖర్చు మాత్రమే.