బాబాయ్ పొలానికి ఏ బండి? ఒక ఏటీవీ లెక్క

పోయిన సెమిస్టర్‌లో ఒక ఆదివారం రాత్రి ల్యాబ్ రికార్డు రాసుకుంటుంటే టెక్సాస్ నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా. పొలానికి ఏటీవీ ఒకటి కొందామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావ్?"

బాబాయ్ వాళ్ళు ఆస్టిన్‌కి గంట దూరంలో, హిల్ కంట్రీ అనే ప్రాంతంలో 12 ఎకరాలు కొనుక్కుని అక్కడే ఇల్లు కట్టుకున్నారు. పేరుకి తగ్గట్టే అంతా గుట్టలు. సున్నపురాయి నేల, ఓక్ చెట్లు, సెడార్ పొదలు, మధ్యలో ఒక చిన్న వాగు. ఇరవై మేకలున్నాయి. ఇంట్లో బాబాయ్, పిన్ని, పదకొండేళ్ళ మా తమ్ముడు. ఈ మధ్య మా నానమ్మ కూడా అక్కడే ఉంది.

మెకానికల్ అన్న మాట వినగానే నాకు కొంచెం గర్వం వచ్చింది, ఒప్పుకుంటాను. రెండు రాత్రులు వీడియోలు చూసి, "700 సీసీ, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది తీసుకో బాబాయ్, పవర్ ఎక్కువ" అని చెప్పేశాను. ఎక్కడ వాడతారు, ఎవరు నడుపుతారు, ఎంత బరువు మోయాలి, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

వారం తిరక్కుండా మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. పక్క పొలం ఆయన దగ్గర ఏటీవీ తీసుకుని బాబాయ్ ట్రయల్ వేస్తున్నాడు. వెనకాల సామాన్లు పెట్టే ర్యాక్ మీద మా తమ్ముడు నిలబడి, బాబాయ్ భుజాలు పట్టుకుని అరుస్తున్నాడు. బండి గుట్ట వాలుకి అడ్డంగా వెళ్తోంది. ఒక్కచోట పైవైపు చక్రాలు రెండూ నేల మీంచి లేచి, మళ్ళీ ధబ్బున పడ్డాయి. పిన్ని నవ్వు వినిపిస్తోంది. గ్రూపులో అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. నేనూ పెట్టాను.

రాత్రి పడుకునే ముందు మళ్ళీ చూశాను. చక్రాలు లేచిన చోట ఆపి చూశాను. ఈసారి నవ్వు రాలేదు. లేచి లెక్క మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ లెక్కే.

అసలు ఏటీవీ అంటే

ఆల్ టెర్రెయిన్ వెహికల్. బైకులాంటి హ్యాండిల్, కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చునే సీటు, లావుపాటి మెత్తని టైర్లు. 1970లో హోండా అమెరికాలో అమ్మిన బండికి మూడే చక్రాలు. 1980ల మొదట్లో సుజుకి నాలుగు చక్రాలది తెచ్చింది. మూడు చక్రాల బండికి నేల మీద ఆధారం ఒక త్రిభుజం. మన ఆటో టర్నింగ్‌లో ఒక పక్కకి లేవడం చూసే ఉంటారు, అదే కథ. ప్రమాదాలు బాగా పెరిగాక 1988లో అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల కంపెనీలు మూడు చక్రాల బళ్ళ అమ్మకం ఆపేశాయి.

నాలుగో చక్రంతో సమస్య తీరిపోలేదు. ఏటీవీలు, వాటి అన్నల్లాంటి యూటీవీలు కలిపి అమెరికాలో ఏడాదికి సగటున 700 మందికి పైగా చనిపోతున్నారని ఆ కమిషన్ లెక్కలే చెబుతున్నాయి. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు.

సూత్రం ఒక్కటే

పరీక్ష అట్ట మీద అగ్గిపెట్టెని అడ్డంగా పడుకోబెట్టి, అట్టని ఒక పక్కకి మెల్లగా ఎత్తండి. తర్వాత అదే అగ్గిపెట్టెని నిలబెట్టి ఎత్తండి. నిలబెట్టినది చాలా ముందే పడుతుంది. గురుత్వ కేంద్రం నుంచి నిట్టనిలువుగా కిందకి గీసిన గీత, కిందవైపు చక్రం దాటి బయట పడితే బండి బోల్తా. ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌లో చదివిందే.

సూత్రంగా చెప్పాలంటే, ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి పడిపోయే కోణానికి టాన్ విలువ వస్తుంది. ఇందులో ఇంజిన్ సీసీ ఎక్కడా లేదు! నేను రెండు రాత్రులు చూసిందల్లా సూత్రంలో లేనిదాని గురించే.

ఒక మామూలు సైజు ఏటీవీని ఇలా అనుకుందాం: బరువు 300 కిలోలు, చక్రాల మధ్య దూరం 94 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో. నడిపే మనిషి 80 కిలోలు, ఆయన గురుత్వ కేంద్రం 100 సెంటీమీటర్ల ఎత్తులో.

1. ఖాళీ బండి: 43 డిగ్రీల వాలు దాకా నిలుస్తుంది.
2. మనిషి ఎక్కాక: ఉమ్మడి గురుత్వ కేంద్రం 60 సెంటీమీటర్లు దాటుతుంది. కోణం 38కి పడుతుంది.
3. వెనక ర్యాక్ మీద 60 కిలోల మందు ట్యాంకు, 100 సెంటీమీటర్ల ఎత్తులో: కోణం 35న్నర.
4. ట్యాంకు తీసేసి, దాని బదులు ర్యాక్ మీద 35 కిలోల పిల్లాడు నిలబడితే: వాడి గురుత్వ కేంద్రం నేల నుంచి దాదాపు 160 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కోణం 34.

నాలుగోది చూసి మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వచ్చింది. 60 కిలోల ట్యాంకు కన్నా 35 కిలోల మా తమ్ముడు బండిని ఎక్కువ ప్రమాదంలో పడేస్తున్నాడు. బరువు ఎంత అన్నదే కాదు, ఎంత ఎత్తున ఉంది అన్నది కూడా ముఖ్యం. పైగా ఇది పేపర్ మీద లెక్క. నిజం బండిలో కిందవైపు టైరు, స్ప్రింగు నొక్కుకుపోయి అసలు కోణం ఇంకా తగ్గుతుంది.

మలుపు తిరిగితే

34 డిగ్రీల గుట్ట ఎవరెక్కుతారు అనుకోవచ్చు. కానీ బండి కదులుతూ ఉంటుంది కదా. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో, 6 మీటర్ల వ్యాసార్థంలో మలుపు తిప్పితే, చదును నేల మీద కూడా బండికి 28 డిగ్రీల వాలు మీద ఉన్నట్టే. 20 అంటే సైకిల్ గట్టిగా తొక్కితే వచ్చే వేగం. 38 డిగ్రీల బండి దీన్ని తట్టుకుంటుంది. అదే మలుపు 15 డిగ్రీల గుట్ట మీద, కిందవైపు బయటికి ఉండేట్టు తిప్పితే 28, 15 కలిసి 43. పడిపోతుంది. తడి గడ్డి మీదైతే ముందు జారుతుంది. ఆ జారడంలో చక్రం ఏ రాయికో తగిలిందా, మళ్ళీ బోల్తాయే.

ఏటీవీ సీటు పొడుగ్గా ఎందుకుంటుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇంకొకళ్ళు కూర్చోవడానికి కాదు, నడిపేవాడు ముందుకీ వెనక్కీ పక్కకీ జరగడానికి. 80 కిలోల మనిషి గుట్ట పైవైపుకి 20 సెంటీమీటర్లు వంగితే రెండు డిగ్రీలకి పైగా కలిసొస్తుంది. 35 కిలోల పిల్లాడు నడుపుతూ అంతే వంగినా గురుత్వ కేంద్రం అందులో సగమే జరుగుతుంది. అమెరికాలో పెద్ద ఏటీవీల మీద '16 ఏళ్ళ లోపు వాళ్ళు నడపకూడదు' అని రాసి ఉండేది ఊరికే కాదు. పిల్లల కోసం వయసును బట్టి చిన్న ఇంజిన్లతో వేరే బళ్ళు చేస్తారు. ఒక మనిషి కోసం చేసిన బండి మీద రెండో మనిషిని ఎక్కించొద్దని కూడా రాసి ఉంటుంది.

పని ముందు, బండి తర్వాత

మర్నాడు బాబాయ్‌కి ఫోన్ చేసి, మొదట్లోనే అడగాల్సినవి అప్పుడు అడిగాను. వారంలో ఏమేం పనులు? కంచె చుట్టూ తిరిగి చూడటం, మేకలకి దాణా బస్తాలు వేయడం, పొదలు కొట్టి లాగడం, నీళ్ళు మోయడం. ఎవరెవరు వెళ్తారు? "ఎక్కువగా ముగ్గురం. ఒక్కోసారి నానమ్మని వాగు దాకా తీసుకెళ్దామని."

అసలు సమాధానం అక్కడే ఉంది. ఏటీవీ ఒక్క మనిషి బండి. పొలానికి వెళ్ళేది కుటుంబం.

యూటీవీ లేదా సైడ్ బై సైడ్ అనేది ఇంకో రకం. స్టీరింగు, పక్కపక్కన సీట్లు, బెల్టులు, తలపైన బోల్తా పడినా నలిగిపోని పైపుల ఫ్రేము, వెనక చిన్న ట్రాలీ. 650 కిలోల బండి, చక్రాల మధ్య 130 సెంటీమీటర్లు, ఇద్దరు మనుషులు అనుకుని లెక్క వేస్తే కోణం 44 దాకా వచ్చింది. అది తిరగబడదని కాదు. స్పీడుగా తిప్పితే అదీ పడుతుంది. కానీ బెల్టు పెట్టుకుంటే మనిషి ఫ్రేము లోపలే ఉంటాడు. ఏటీవీ పడితే 300 కిలోలు మనిషి మీదే పడతాయి. ఈ కారణంగానే ఆస్ట్రేలియాలో 2021 అక్టోబర్ నుంచి కొత్త పొలం ఏటీవీలకి వెనక రక్షణ కడ్డీ, కనీస నిలకడ పరీక్ష తప్పనిసరి చేశారు. కొన్ని పెద్ద కంపెనీలు అక్కడ వాటిని అమ్మడమే మానేశాయి.

ఏటీవీకి మంచి గుణాలు లేకపోలేదు. ఇరుకు చెట్ల మధ్య దూరుతుంది, ధర తక్కువ, ఒక్కడే కంచె చూసి రావడానికి దాన్ని మించింది లేదు. మీ వాళ్ళెవరైనా అలాంటి పని కోసం అడిగితే ఇవి చూడమనండి:

ర్యాక్ మీద రాసిన బరువు. సాధారణంగా ముందు 30 నుంచి 45 కిలోలు, వెనక 60 నుంచి 90 దాకా. అంతకుమించితే వెనక ట్రైలర్ తగిలించుకోవాలి. లాగే గొలుసుని కింద ఉన్న హుక్కుకే కట్టాలి. ర్యాక్‌కి కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది.

లో గేరు, ఇంజిన్ బ్రేకింగ్. గుట్ట దిగేటప్పుడు సీసీ కన్నా ఇవే కాపాడతాయి. 400 నుంచి 500 సీసీ చాలా పొలాలకి సరిపోతుంది.

వెనక ఇరుసు. కొన్ని బళ్ళలో డిఫరెన్షియల్ ఉండదు, వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలో పట్టు బాగుంటుంది, తారు రోడ్డు మీద మలుపు తిరగనని మొరాయిస్తుంది. టైర్లలో గాలి కూడా చాలా తక్కువ ఉంటుంది కాబట్టి ఇది రోడ్డు బండి కాదు.

హెల్మెట్. దీనికి లెక్క అక్కర్లేదు.

చివరికి

బాబాయ్ ముందు ఒప్పుకోలేదు. "నువ్వే కదరా 700 అన్నావ్? ఇప్పుడు దాదాపు రెట్టింపు ధర బండి చెప్తున్నావ్."

"తప్పు చెప్పాను బాబాయ్" అన్నాను. కెమెరా ముందు పేపర్ పెట్టి నాలుగు అంకెలు చూపించాను. నాలుగోది మా తమ్ముడిదని చెప్పాను. బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గ్రూపులోంచి ఆ వీడియో తీసేశాడు.

ముగ్గురు కూర్చునే పాత యూటీవీ ఒకటి తీసుకున్నారు. వీపు సీటుకి ఆనించి కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాలి, అప్పుడే తమ్ముడు ఎక్కాలి అన్నది రూలు. అది నేను పెట్టింది కాదు, అలాంటి బళ్ళకి తయారీదారులు చెప్పేదే. వాడికి ఆనుతున్నాయట, బొటనవేళ్ళ మీద కాదని పిన్ని దగ్గరుండి చూసింది. నడపాలంటే 16 దాకా ఆగాలి అన్నందుకు మాత్రం నాతో పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు లెగో కారుని అట్ట మీద పెట్టి వంచుతున్న ఫోటో పంపాడు. కింద "31 డిగ్రీలు" అని రాశాడు.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా ట్రాక్టర్ చక్రాల మధ్య దూరం టేపుతో కొలిచాను. కాలువ గట్టు మీద మడ్‌గార్డు ఎక్కి కూర్చుని పొలానికి వెళ్ళడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాన్న ఎప్పట్లాగే "ఎక్కరా" అన్నాడు.

"మీరు వెళ్ళండి నాన్నా, నేను నడిచొస్తా" అన్నాను. ఎందుకో దారిలో చెప్పలేదు, ఇంటికొచ్చాక అట్ట, అగ్గిపెట్టె తీసి చూపించాను.