పుట్టింటికి వచ్చిన పక్షులు

శ్రీముఖలింగ క్షేత్రం వెలసిన శ్రీకాకుళం జిల్లాలోనే, టెక్కలి సమీపాన తేలినీలాపురం అనే చిన్న గ్రామం ఉంది. ఏటా సెప్టెంబరు నాటికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా వచ్చి అక్కడి చెట్లపై గూళ్లు కట్టుకుంటాయి. శీతకాలమంతా పిల్లలను సాకి, వాటికి రెక్కలు వచ్చిన పిదప వేసవి ఆరంభంలో తరలిపోతాయి. గ్రామస్థులు వాటిని పురుటికి వచ్చిన ఆడపడుచులుగా ఆదరిస్తారు.

ఇవి సైబీరియా నుండి వస్తాయని లోకంలో ఒక ప్రతీతి ఉంది. నిశితంగా పరిశీలించినవారికి సత్యం బోధపడుతుంది. ఈ గూడబాతు పైముక్కు అంచున వరుసగా నీలిచుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలున్న జాతి భారత్, శ్రీలంక, కంబోడియా దేశాలలో సంతానోత్పత్తి చేస్తుంది. సైబీరియాలో దాని ఉనికి లేదు. ఎర్రకాళ్ల కొంగ సైతం ఆసియాలోని ఉష్ణప్రాంతాలదే. ఉత్తరదేశాల నుండి శీతకాలంలో వలసవచ్చే సూదితోక బాతు మన జలాశయాలలో మేత మేస్తుందే గాని, గూడు కట్టదు. గూడు కట్టి పిల్లలను కన్నచోటు పక్షికి పరాయిదేశం కాదు. కనుక ‘ఆడపడుచులు’ అన్న పల్లెమాటే సత్యానికి దగ్గర.

అయితే ఆదరణ ఒక్కటే వాటిని కాపాడలేకపోయింది. 2021 డిసెంబరు చివరి నుండి కొద్ది వారాలలో వందకు పైగా గూడబాతులు మరణించాయి. తిన్న చేపల ద్వారా సంక్రమించిన నులిపురుగులే అందుకు కారణమని అధికారులు గుర్తించారు. గూడున్న చెట్టును ఊరు కాపాడుతున్నది. మేతనిచ్చే చెరువును కాపాడవలసిన బాధ్యత మాత్రం ఆ ఒక్క ఊరిది కాదు, చుట్టుపట్ల వారందరిదీ.