కొండమీది గాదె

వాన పడని చోట పంట పండుతుందా? హిమాలయాలకు ఉత్తరాన ఉన్న లడఖ్‌లో పండుతుంది. సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో ఏడాది మొత్తానికి వాన, మంచు కలిపి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. మన కోస్తాలో ఒక్క తుఫాను రోజున అంత పడుతుంది! ఋతుపవన మేఘాలు హిమాలయాల దక్షిణపు వాలుమీదనే చాలావరకు కురిసిపోతాయి మరి.

అయినా లడఖ్ రైతులు బార్లీ పండిస్తారు. శీతకాలంలో పడమటి గాలులు కొండలమీద మంచు కురిపిస్తాయి. ఆ మంచు కరిగిన నీరే వాళ్ళ పొలాలకు ఆధారం.

అసలు చిక్కు నీరు అందే వేళలో ఉంది. అక్కడ వేసవి పొట్టిది. అందుచేత ఏప్రిల్, మే నెలల్లోనే విత్తాలి. చాలా ఎత్తున ఉన్న హిమానీనదాలు అప్పటికింకా బాగా కరగవు. కాబట్టి విత్తే అదనుకు నీళ్ళిచ్చేది దిగువ వాలులమీది శీతకాలపు మంచు. భూగోళం వేడెక్కితే ముందుగా దెబ్బతినేది ఈ మంచే. పలుచగా పడిన మంచు అదనుకు ముందే కరిగిపోతుంది. ఆ పొడిగాలిలో కొంత మంచు నీరుగా మారకుండానే ఆవిరవుతుంది కూడా. దీనినే ఉత్పతనం అంటారు.

ఇంకో విచిత్రం చూడండి. హిమానీనదం చిక్కిపోయే తొలి సంవత్సరాలలో వాగులో నీళ్ళు తగ్గవు, పెరుగుతాయి! గాదెలోని పాత ధాన్యం తీసి తింటున్నవాడికి కరువు తెలియనట్లే ఇదీను. గాదె అడుగు కనిపించాక గాని సంగతి బయటపడదు.

గాలి ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందువల్ల కురిసినప్పుడు కుంభవృష్టిగా కురిసే అవకాశం పెరుగుతుంది. చెట్లు లేని వాలులమీద అది ఎంత ప్రమాదమో 2010 ఆగస్టులో లేహ్ చూసింది. వరదకు, బురదకు మట్టి ఇళ్ళు కొట్టుకుపోయి వందలాదిమంది చనిపోయారు. ఆ ఒక్క వానకు వేడిమే కారణమని తేల్చి చెప్పలేం.

లడఖ్‌కు చెందిన ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ 1987లో ఒక ఉపాయం అమలుపెట్టారు. చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని ఊరికి దగ్గరగా, నీడపట్టున ఉన్న లోయలోకి మళ్ళించి, రాతికట్టలతో దాని వేగం తగ్గించారు. నిదానించిన నీరు పొరలు పొరలుగా గడ్డకట్టింది. తక్కువ ఎత్తున ఉంటుంది గనుక ఈ మంచు హిమానీనదం కంటే ముందే, విత్తే వేళకు కరుగుతుంది.

2013లో సోనమ్ వాంగ్‌చుక్ ఎత్తునుంచి గొట్టం ద్వారా నీటిని దింపి, ఫౌంటెనులా చిమ్మించి, మంచు శంకువును నిలబెట్టారు. పంపు అక్కరలేదు, నీటి పీడనమే చాలు. శంకువు ఎందుకంటారా? నేలమీద పలుచగా పరచిన మంచు కంటే దానికి ఎండ తగిలే ఉపరితలం తక్కువ. అందుకే నిదానంగా కరుగుతుంది.

అయితే ఈ రెండు ఉపాయాలకూ చలికాలంలో వాగు పారుతూ ఉండాలి, రాత్రివేళ చలి గట్టిగా ఉండాలి.