రెండు వారాలు దాటినా వదలని జ్వరం

మిరప కోతల రోజుల్లో బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికే తీసుకెళ్తాం. పని మానితే కూలి పోతుంది, టౌను దూరం. ఇంజెక్షన్ పడగానే జ్వరం దిగుతుంది, నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. తప్పుపట్టాలని కాదు గానీ, రెండు వారాలు దాటిన జ్వరానికి ఆ వైద్యం చాలదు.

అలాంటి జ్వరాల్లో కాలా అజార్ ఒకటి. అది మన గుంటూరు, ప్రకాశం నేలల్లో పాతుకున్న జబ్బు కాదు. బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌లలోని 54 జిల్లాల్లో ఉంది. కానీ చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుల్లోనూ, చీమకుర్తి క్వారీల్లోనూ ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు పనిచేస్తున్నారు. ఈ జబ్బు సోకిన నెలలకు గానీ బయటపడదు. అందుకని బిడ్డ అంతకుముందు ఏ ఊళ్లో ఉందో డాక్టరు అడగకపోయినా చెప్పాలి. పక్కింట్లో హిందీ మాట్లాడే తల్లి ఉంటే ఆమెకూ చెప్పండి, వీలైతే ఆసుపత్రికి తోడు వెళ్లండి. భయపడకండి, దోమకన్నా చిన్నదైన ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చేదే తప్ప ఎత్తుకుంటేనో పక్కన పడుకుంటేనో అంటుకోదు.

మోసం చేసే సంగతి ఒకటుంది. కొందరు పిల్లలు జ్వరంలోనూ అన్నం తింటారు, ఆడుకుంటారు. అమ్మకు ధైర్యం, నాన్నకు నిర్లక్ష్యం అక్కడే వస్తాయి. కానీ చేతులు, మెడ సన్నబడుతూ పొట్ట మాత్రం ముందుకొస్తుంటే ఆగి చూడండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఎడమ పక్కటెముకల కింద అరచేతిని మెల్లగా ఆనించండి. ఊపిరి పీల్చినప్పుడు గట్టి అంచు ఒకటి కిందికి జారి చేతికి తగిలితే అది పెరిగిన ప్లీహం, మన పెద్దవాళ్లు బల్ల అనేది. గట్టిగా నొక్కొద్దు. పసరు పోయించడం, వాతలు పెట్టించడం అసలే వద్దు. కాలా అజార్ తెచ్చే క్రిమి గుంపుగా చేరే ముఖ్యమైన చోట్లలో ప్లీహం ఒకటి. 1903లో, గుంటూరు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, మద్రాసులో డాక్టర్ చార్లెస్ డోనోవన్ దాన్ని చూసింది ప్లీహం నుంచి తీసిన నమూనాలోనే.

ఇక రక్తపరీక్ష కాగితం. అందులో ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ఊరుకుంటాం. మూడూ చూడండి. అయిదేళ్లలోపు బిడ్డకు హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ, తెల్లకణాలు 4,000 కన్నా తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర కన్నా తక్కువ ఉండి, మూడూ వారం వారం దిగుతున్నాయంటే ఐరన్ టానిక్కుతో సరిపెట్టకూడదు. డెంగీలోనూ ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు పడిపోతాయి గానీ, ఆ జ్వరం సాధారణంగా వారం పది రోజుల్లో తేలిపోతుంది. కాలా అజార్‌లో ఆల్బుమిన్ తగ్గి గ్లోబులిన్ పెరుగుతుంది. డాక్టరుకు అనుమానం వస్తే ఆర్‌కే39 అనే పరీక్ష చేయిస్తారు. వేలి చివర ఒక చుక్క రక్తం, కాసేపట్లో ఫలితం.

ఎన్నడూ ఊరు దాటని మన పిల్లల్లో ఇవే లక్షణాలు కనిపిస్తే మలేరియా, క్షయ, టైఫాయిడ్, బ్లడ్ క్యాన్సర్ లాంటివి వెతకాలి. అందుకే, ఏ జబ్బో తేలకముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించకండి. బ్లడ్ క్యాన్సర్ అయితే అది కొన్నాళ్లు దాక్కుంటుంది, విలువైన రోజులు పోతాయి.

వీటిలో ఏ జబ్బో తేల్చడానికి గుంటూరు జీజీహెచ్‌లోనో ఒంగోలు రిమ్స్‌లోనో ఎముక మజ్జ తీయాలంటే చాలామంది తండ్రులు బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చేస్తారు, నడుం పడిపోతుందని. పడిపోదు. తుంటి ఎముక నుంచి కాస్త మజ్జ తీస్తారు, నొప్పి తెలియకుండా మందిస్తారు. వైద్యం చేయకపోతే కాలా అజార్ దాదాపు ఎప్పుడూ ప్రాణం తీసే జబ్బే, చేస్తే నయమవుతుంది. ఒకే విడత సెలైన్‌లో ఎక్కించే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి దీనికి మందు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. వాటిలోని తేదీలు చూస్తేనే అంకెలు ఎప్పటి నుంచి దిగుతున్నాయో డాక్టరుకు తెలుస్తుంది.