అయస్కాంతంలో 'అ'

ప్రశ్న: హార్డ్‌డిస్క్‌లో ఉత్తర ధ్రువమంటే ఒకటి, దక్షిణ ధ్రువమంటే సున్నా అంటాడు మా అబ్బాయి. మరి నేను తెలుగులో టైపు చేసుకున్న ఉత్తరం అందులో ఎలా ఉంటుందండీ?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ ఉత్తరం సంగతి చూద్దామమ్మా. మీరు 'అ' కొడితే కంప్యూటర్‌కు అందేది ఒక సంఖ్య. యూనికోడ్‌లో 'అ' సంఖ్య 3077. నేడు ఎక్కువగా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో అది 11100000 10110000 10000101 అవుతుంది. అంటే మూడు బైట్లు. గుణింతపు గుర్తులకూ విడివిడి సంఖ్యలున్నాయి కాబట్టి 'తెలుగు' అన్న మాటకు 18 బైట్లు పడతాయి.

హార్డ్‌డిస్క్‌లో గిర్రున తిరిగే అల్యూమినియం లేదా గాజు బిళ్లలుంటాయి. వాటిపై కోబాల్ట్ మిశ్రమలోహపు పలచటి పూత. రాసే హెడ్‌లో కరెంటు ఒక దిశలో పారితే కింది రేణువుల అయస్కాంత దిశ ఒకవైపు తిరుగుతుంది, కరెంటు దిశ మారిస్తే రెండోవైపుకు. మీ అబ్బాయి ఊహ ఇక్కడిదాకా సరిగ్గానే ఉంది. అయితే దశాబ్దాలుగా స్థిరపడిన పద్ధతిలో ఒకటికి గుర్తు ధ్రువం కాదు, మార్పు. దిశ మారిన చోట ఒకటి, మారని చోట సున్నా.

ఇందులో ఒక చిక్కుంది. మన 'అ' మొదటి బైటులోనే వరసగా అయిదు సున్నాలున్నాయి చూడండి. అలాంటి వరస మరీ పొడవైతే, రాత్రి బస్సులో కిలోమీటరు రాళ్లు కనబడక ఎంత దూరం వచ్చామో తెలియనట్టు, ఎన్ని సున్నాలు దాటాయో డ్రైవుకు లెక్క తప్పుతుంది. అందుకే డ్రైవు మీ బిట్లను ఉన్నవున్నట్టు రాయదు. మార్పులు తరచుగా వచ్చేలా వేరే సంకేతంలోకి మార్చి రాస్తుంది, చదివేటప్పుడు వెనక్కి మార్చుకుంటుంది. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే నచ్చిన తెలివి ఇదే.

ప్రశ్న: పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో పెళ్లి ఫొటోలు పొరపాటున డిలీట్ చేశాను. ఇక పోయినట్టేనా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఆశ వదులుకోకండి. డిలీట్ చేసినప్పుడు సాధారణంగా ఫొటో ఎక్కడుందో చెప్పే పట్టికలోని వివరమే పోతుంది. రేణువులు మాత్రం తిరిగిన దిక్కులోనే ఉంటాయి, ఆ చోట కొత్తది రాసేదాకా. కాబట్టి ఇప్పుడే కంప్యూటర్ ఆపేయండి. ఆన్ చేసి ఉంచితే విండోస్ తనంతట తనే ఏవో ఫైళ్లు రాస్తూ ఉంటుంది. డిస్కు విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించి రికవరీ చేయించండి, తిరిగొచ్చిన ఫొటోలను వేరే డిస్కులోకి ఎక్కించమనండి.